పాత లింకు తెగకుండా కొత్త చిరునామా: కడప చరిత్ర వెబ్‌సైటు పర్మాలింకుల మార్పు డైరీ

మార్చి, రెండో వారం

కడప జిల్లా శాసనాలు, కోటలు, గుళ్లు, ఊళ్ల చరిత్రల మీద మేము కొందరం మిత్రులం కలిసి నడుపుతున్న వెబ్‌సైటులో ప్రతి వ్యాసం చిరునామాలోనూ ప్రచురణ తేదీ చేరి ఉంది. సిద్ధవటం కోట గురించిన వ్యాసం /2016/08/14/సిద్ధవటం-కోట/ అన్న దారిలో ఉంటుంది. మా సైటును నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేరు సెట్టింగులలో రోజు, పేరు కలిసి ఉండే పర్మాలింకు (వ్యాసానికి ఉండే శాశ్వత చిరునామా) అమరిక ఇది. వార్తలకు ఇది బాగా నప్పుతుంది కానీ చరిత్ర వ్యాసాలకు నప్పదు. కొత్త ఫొటోలు, కొత్త ఆధారాలు చేర్చి వ్యాసాన్ని నిన్ననే తిరగరాసినా, చిరునామాలో 2016 కనబడగానే పాఠకుడు ఇది పాతబడిన సమాచారమని అనుకుంటాడు. అందుకని తేదీని తొలగించి, పేరు ఒక్కటే మిగిలేలా అమరికను మార్చాలని ఈ వారం నిర్ణయించుకున్నాం.

సెట్టింగుల పేజీలో ఒక బొత్తాం నొక్కితే ఈ మార్పు నిమిషంలో అయిపోతుంది. అయితే మా చిరునామాలు మా దగ్గర మాత్రమే లేవు. తెలుగు వికీపీడియా వ్యాసాల మూలాల్లో, పరిశోధక విద్యార్థుల సిద్ధాంత గ్రంథాల అధస్సూచికల్లో, వాట్సాప్ గ్రూపుల్లో, గండికోటకు వచ్చే యాత్రికుల కోసం అచ్చు వేయించి పంచిన కరపత్రాల క్యూఆర్ కోడుల్లో అవి ఉన్నాయి. ఒకసారి బయటికి వెళ్లిన వాటిని మనం వెనక్కి తెప్పించి దిద్దలేం. కాబట్టి పాత చిరునామాలలో ఏది కొట్టినా మొదటి పేజీ గానీ, వెతుకులాట పేజీ గానీ కాకుండా ఆ వ్యాసమే తెరుచుకోవాలి. ఈ షరతు నెరవేరేదాకా ఆ బొత్తాం జోలికి పోకూడదన్నదే ఈ పనికి పెట్టుకున్న మొదటి నియమం.

మార్చి, మూడో వారం

వ్యాసాల పేర్లను వరుసగా చూస్తుంటే తేదీతో సంబంధం లేని మరో ఇబ్బంది బయటపడింది. క్రీ.శ. 575 నాటిదిగా పరిగణించే రేనాటి చోళుల శాసనం గురించిన వ్యాసానికి "కడప జిల్లా శాసనాలు: కలమళ్ళ" అన్నది శీర్షిక. దాని చిరునామా మాత్రం "కడప-జిల్లా-శాసనాలు-కలమళ్" అని పొల్లు దగ్గరే ఆగిపోయింది. అదే వరుసలోని మాలెపాడు వ్యాసం చిరునామా "మాలెప" దగ్గర తెగిపోయింది.

దీనికి కారణం తెలుగు అక్షరాలు చిరునామాలోకి వెళ్లే పద్ధతిలో ఉంది. కంప్యూటరు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్ పాయింటుకూ (అక్షరానికో, గుణింతపు గుర్తుకో, పొల్లుకో ఇచ్చిన సంఖ్యకు) మూడు బైట్లు పడతాయి. చిరునామాలో ఒక్కో బైటును శాతం గుర్తు, దాని పక్కన రెండు అంకెలు లేదా అక్షరాలుగా రాయాలి కనుక ఒక్కో కోడ్ పాయింటు తొమ్మిది స్థానాలు తింటుంది. "కడప" అన్న చిన్న మాటకే 27 స్థానాలు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి "ళ్ళ" అన్న ఒక్క అక్షరానికే మరో 27 ఖర్చవుతాయి. వర్డ్‌ప్రెస్ డేటాబేసులో వ్యాసం పేరుకు, అంటే స్లగ్‌కు, కేటాయించిన చోటు మొత్తం 200 స్థానాలు. అందులో 22 కోడ్ పాయింట్లకు మించి పట్టవు. శీర్షిక అంతకంటే పొడవైతే మిగిలినదాన్ని హెచ్చరిక లేకుండా కోసేస్తుంది. మొదటి భాగం ఒకేలా ఉన్న రెండు శీర్షికలు ఒకే చోట తెగితే, రెండోదానికి చివర 2 అంకె తగిలిస్తుంది.

కాబట్టి తేదీ తీసివేయడంతో పాటు స్లగ్‌లను కూడా చేత్తో తిరిగి రాయవలసి ఉంది. ఏ లిపిలో రాయాలన్న దాని మీద మాలో చర్చ గట్టిగానే జరిగింది. మా సంపాదకులు రిటైరైన తెలుగు లెక్చరర్. "తొలి తెలుగు శాసనం గురించి చెప్పే చోట అడ్రసు ఇంగ్లీషులోనా నాయనా" అని ఆయన అడిగినప్పుడు ఆ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. బ్రౌజరు పైన తెలుగు అక్షరాలు చూడడానికి నిండుగా ఉంటాయి, నిజమే. కానీ అక్కడి నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో అతికించగానే అది శాతం గుర్తుల బారుగా మారిపోతుంది, దాన్ని పుస్తకంలో అచ్చు వేయలేరు, ఫోనులో చెప్పి రాయించలేరు. క్యూఆర్ కోడులోనూ ఇదే చిక్కు. అక్షరాలు పెరిగే కొద్దీ గడులు పెరుగుతాయి (21 గడుల చదరం నుంచి 177 గడుల చదరం దాకా కొలతలు ఉన్నాయి), గడులు చిన్నవైన కొద్దీ ఎండలో నిలబడి పాత ఫోనుతో స్కాన్ చేయడం కష్టమవుతుంది. శీర్షిక, వ్యాసం అన్నీ తెలుగులోనే ఉంటాయి, దారి మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో రెండు మూడు మాటలకు మించకుండా ఉంటుందని చెప్పాను. ఊరిపేర్ల వర్ణక్రమం ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నట్టే ఉండాలన్న షరతు మీద ఆయన ఒప్పుకున్నారు. కడప పేరుకు బ్రిటిషు కాలం నాటి వర్ణక్రమం 2005లో అధికారికంగా మారింది కనుక అక్కడ సందేహం లేదు. ఒంటిమిట్ట వంటి పేర్ల దగ్గరే ఎక్కువ సేపు ఆగవలసి వచ్చింది.

మార్చి, నాలుగో వారం

ఈ వారమంతా జాబితా పనే. ప్రాజెక్టులో అసలు బరువు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మిగిలిన పనంతా ఈ జాబితా ఎంత సంపూర్ణంగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

స్ప్రెడ్‌షీటులో మూడు నిలువు వరుసలు పెట్టాను: పాత చిరునామా, కొత్త చిరునామా, పాతది ఎక్కడ కనిపించింది. డేటాబేసులోని వ్యాసాలు, సైట్‌మ్యాపులోని (సెర్చ్ ఇంజన్లకు ఇచ్చే పేజీల జాబితాలోని) దారులు తీసుకోవడం సులువే. కానీ సైటుకు తన ఇప్పటి చిరునామాలే తెలుసు. జనం చేతుల్లో తిరుగుతున్న రూపాలు దానికి తెలియవు. అందుకే ఎవరు ఏ చిరునామా అడిగారో రాసుకునే సర్వరు యాక్సెస్ లాగ్ నుంచి, గూగుల్ వెతుకులాటలో సైటు ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్ నుంచి, వికీపీడియాలో బయటి లింకులను వెతికే ప్రత్యేక పేజీ నుంచి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ దాచిన పాత ప్రతుల నుంచి విడివిడిగా తీసి కలిపాను. సెర్చ్ కన్సోల్ 16 నెలల వివరాలే చూపిస్తుంది, ఎగుమతిలో వెయ్యి వరుసలకు మించి ఇవ్వదు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏడాదికి ఒకసారి ఎవరో ఒకరు తెరిచే వ్యాసాలు జారిపోతాయి. చరిత్ర వ్యాసాలలో విలువైనవి తరచుగా అవే.

కలిపిన తరువాత చూస్తే ఒకే వ్యాసం జాబితాలో నాలుగు వేషాలలో కనిపించింది. బ్రౌన్ గ్రంథాలయం వ్యాసాన్నే తీసుకుంటే, డేటాబేసులో శాతం గుర్తుల పక్కన చిన్న బడి ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. బ్రౌజరు నుంచి కాపీ చేసిన లింకులలో అవే పెద్ద బడి అక్షరాలుగా ఉన్నాయి. కొందరు నేరుగా తెలుగు లిపిలోనే అతికించారు. నాలుగోది కంటికి కనబడనిది. "బ్రౌన్" అన్న మాటలో న్ తరువాత టైపు చేసేటప్పుడు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని గుర్తు చేరింది. తెలుగు టైపింగ్‌లో పొల్లు తరువాతి అక్షరం కింద వత్తుగా పడకుండా ఆపడానికి వాడే గుర్తు అది. మాట చూడడానికి తేడా ఏమీ ఉండదు, యంత్రానికి మాత్రం అది వేరే పేరు. నాలుగు రూపాలనూ మొదట శాతం గుర్తులు విప్పి తెలుగు అక్షరాలలోకి మార్చి, ఆ గుర్తును తీసి పోల్చితేనే అవి ఒకటని తేలుతుంది. తెలుగు సైట్లు నడిపేవారు ఎవరైనా ఈ పనికి దిగితే అన్నిటికన్నా ముందు ఈ పోలిక సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఇంగ్లీషు సైట్ల కోసం రాసిన సూచనలలో ఈ సంగతి కనబడదు.

మరో చిక్కు: గండికోట పేరుతో ఒక స్థిర పేజీ ఉంది, అదే స్లగ్‌తో ఒక వ్యాసం కూడా ఉంది. తేదీ ఉన్నంత కాలం రెండిటికీ దారులు వేరు. తేదీ తీసివేస్తే రెండూ ఒకే దారికి వస్తాయి, ఏదో ఒకటే తెరుచుకుంటుంది. ఇలాంటి జంటలన్నిటినీ ముందే వెతికి, వ్యాసాల పేర్లకు ఒక మాట చేర్చాను.

ఏప్రిల్, మొదటి రెండు వారాలు

అసలు సైటు మీద ఈ రోజుల్లో ఏమీ ముట్టుకోలేదు. ఉగాదికి దేవుని కడప వ్యాసం, నవమి నుంచి కల్యాణం ముగిసేదాకా ఒంటిమిట్ట వ్యాసం ఏడాది మొత్తంలో అత్యధికంగా తెరుచుకుంటాయి. పండుగకు బయలుదేరినవారికి లింకు తెగితే ఆ నష్టాన్ని తరువాత పూడ్చలేం. పరీక్ష కోసం సైటు నకలును వేరే సర్వరులో పెట్టి, గూగుల్ దాన్ని చేర్చుకోకుండా పాస్‌వర్డు వేశాను.

ఏప్రిల్, చివరి వారం

పాత చిరునామాను కొత్తదానికి పంపే దారి మళ్లింపు ఎక్కడ పెట్టాలన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. ప్లగిన్‌లో (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములో) పెడితే నిర్వహణ సులువు, కానీ ప్రతి పాత లింకుకూ వర్డ్‌ప్రెస్ మొత్తం లేచి సమాధానం చెప్పాలి, ఏదో ఒక రోజు ఎవరైనా ప్లగిన్ తీసేస్తే దారులన్నీ ఒక్కసారిగా మూసుకుపోతాయి. అందువల్ల జాబితాను అపాచీ సర్వరు తన నియమాలు చదువుకునే డాట్ హెచ్‌టీ యాక్సెస్ ఫైలులో పెట్టాను, ప్లగిన్‌ను 404 (పేజీ దొరకలేదు) లాగ్ చూడడానికి మాత్రమే ఉంచాను. ఆ ఫైలులో వర్డ్‌ప్రెస్ తన కోసం గుర్తులు పెట్టుకున్న భాగం ఉంటుంది, సెట్టింగులు సేవ్ చేసిన ప్రతిసారీ ఆ గుర్తుల మధ్య ఉన్నదాన్ని అది తిరిగి రాస్తుంది. కనుక మన వరుసలు ఆ భాగానికి బయట, పైన ఉండాలి.

ఈ నియమాలను నడిపే అపాచీ భాగమైన మాడ్ రీరైట్ పాత దారిని శాతం గుర్తులు విప్పిన తరువాతే పోల్చుతుంది. కాబట్టి నియమంలో పాత పేరును నేరుగా తెలుగు అక్షరాలలో రాయవచ్చు, పెద్ద బడి, చిన్న బడి తేడా దానంతట అదే పోతుంది. వెడల్పు లేని గుర్తు ఉన్నా లేకపోయినా సరిపోయేలా ఆ చోట ఐచ్ఛికం అని రాశాను. గమ్యం ఇంగ్లీషు అక్షరాలలో ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. గమ్యంలో శాతం గుర్తులు ఉంటే సర్వరు వాటిని మరోసారి ఎన్‌కోడ్ చేస్తుంది, ప్రతి గుర్తు పక్కనా 25 చేరి లింకు చెడిపోతుంది, దాన్ని ఆపడానికి ఎన్ఈ అనే ఫ్లాగు పెట్టవలసి వస్తుంది.

జాబితాలో లేని పాత చిరునామాల కోసం అన్నిటికన్నా చివర ఒక సాధారణ నియమం పెట్టాను: నాలుగంకెల సంవత్సరం, రెండంకెల నెల, రెండంకెల తేదీ, ఆ తరువాత పేరు ఉంటే, తేదీని వదిలి పేరుకు పంపమని. స్లగ్ మారినప్పుడు వర్డ్‌ప్రెస్ పాతదాన్ని గుర్తుంచుకుంటుంది కనుక అక్కడి నుంచి అది కొత్త పేరుకు చేరుస్తుంది. ఈ నియమం దారి మొదటి నుంచే సరిపోవాలని కచ్చితంగా కట్టాలి. లేకపోతే మధ్యలో ఇలాంటి అంకెలు ఉన్న వేరే దారుల్లో కూడా వేలు పెట్టే ప్రమాదం ఉంది. పేరు లేకుండా తేదీ వరకే ఉన్న రోజువారీ జాబితాలను, చివర ఫీడ్ (కొత్త వ్యాసాలను యాప్‌లకు అందించే జాబితా) అని ఉన్న దారులను విడిగా పరీక్షించాను.

ఇలా రెండు అంచెలుగా వెళ్లడం చివరి ఆసరాగా మాత్రమే ఉండాలి. పాత కరపత్రం మీద ఉన్న చిరునామా హెచ్‌టీటీపీతో, డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూతో మొదలవుతుంది. దాన్ని ముందు సురక్షిత (హెచ్‌టీటీపీఎస్) రూపానికి, తరువాత డబ్ల్యూలు లేని రూపానికి, తరువాత తేదీ లేని రూపానికి, చివరగా కొత్త పేరుకు పంపితే నాలుగు మలుపులు తిరగాలి. గూగుల్ బాట్ పది మలుపుల దాకా వెంట వస్తుంది కానీ, సిగ్నలు సరిగా లేని పల్లెలో ఫోను పట్టుకున్న మనిషి అంతసేపు ఎదురుచూడడు. జాబితాలోని వరుసలను అన్నిటికన్నా పైన పెట్టి, గమ్యాన్ని పూర్తి చిరునామాతో రాయడం వల్ల ఏ రూపంలో వచ్చినా ఒకే అడుగులో చేరుతోంది.

పరీక్ష కాలమంతా మళ్లింపు తాత్కాలికం అని చెప్పే 302 కోడే వాడాను. 301 శాశ్వతం అని చెబుతుంది కనుక బ్రౌజర్లు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. తప్పు గమ్యంతో ఒకసారి 301 వెళితే మన వైపు దిద్దినా ఆ ఫోనులో పాత సమాధానమే నిలిచి ఉండవచ్చు. వర్డ్‌ప్రెస్‌కు ఉన్న ఊహించే అలవాటును కూడా పరీక్షలో ఆపేశాను. పేజీ దొరకనప్పుడు అదే పేరుతో మొదలయ్యే మరో వ్యాసం ఉంటే అది అక్కడికి పంపుతుంది. చాలాసార్లు సరైన చోటికే పంపుతుంది, కానీ "పుష్పగిరి" అన్నవారిని "పుష్పగిరి శాసనాలు" దగ్గరికి పంపినా మనకు 404 కనబడదు, అంతా బాగానే ఉందనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షన్ నుంచి దీన్ని ఆపడానికి ఫిల్టరు ఉంది.

చిరునామాను అడిగి సర్వరు సమాధానం చూపే కర్ల్ ఆదేశంతో చిన్న స్క్రిప్టు రాసి జాబితాలోని ప్రతి పాత చిరునామానూ అడిగించాను: ఒకే మలుపు ఉండాలి, చేరిన పేజీ 200 (పేజీ దొరికింది) అని చెప్పాలి, ఆ పేజీ షీటులో రాసినదే కావాలి. మూడో షరతు లేకుండా కోడ్ మాత్రమే చూస్తే తప్పు వ్యాసానికి వెళ్లినవి కూడా గట్టెక్కుతాయి.

మే, మొదటి వారం

ఉదయం నాలుగు గంటల ప్రాంతంలో, రద్దీ అతి తక్కువగా ఉండే సమయంలో మార్పు చేశాను. డేటాబేసు, డాట్ హెచ్‌టీ యాక్సెస్ ఫైలు రెండిటి నకళ్లూ ముందే దింపి పెట్టుకున్నాను. నియమాలు ఎక్కించి, కొత్త స్లగ్‌లు దిగుమతి చేసి, ఆ తరువాతే సెట్టింగులలో అమరిక మార్చి, క్యాష్ (త్వరగా తెరవడానికి దాచి ఉంచిన పేజీల నకళ్లు) ఖాళీ చేశాను. స్క్రిప్టు శుభ్రంగా ముగిసిన తరువాత 302లను 301లుగా మార్చాను.

ఆ వెంటనే వ్యాసాల లోపలి లింకులు. మళ్లింపు ఉంది కదా అని వాటిని పాత రూపంలో వదిలేయడం నాకు సమ్మతం కాదు. మన ఇంట్లో నుంచి మనమే పక్క గదికి వీధి చుట్టి వెళ్లినట్టు ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌ను ఆదేశాలతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే పనిముట్టులోని వెతికి మార్చే ఆదేశాన్ని ముందు ఉత్తుత్తి పరుగుగా నడిపి, ఏమేమి మారబోతున్నాయో చూసి, తరువాత నిజంగా నడిపాను. పైన చెప్పిన నాలుగు రూపాలకూ విడివిడిగా నడపాలి. జీయూఐడీ అనే నిలువు వరుసను మాత్రం తప్పకుండా మినహాయించాలి. ఫీడ్ చదివే యాప్‌లు వ్యాసాన్ని దానితోనే గుర్తుపడతాయి కనుక అది మారితే పదేళ్ల నాటి వ్యాసాలన్నీ కొత్తవిగా పాఠకుల ముందు కుప్పపడతాయి. నేరుగా డేటాబేసు భాష ఎస్‌క్యూఎల్‌తో మార్చకపోవడానికి ఇంకో కారణం ఉంది: సెట్టింగులలో కొన్ని విలువలు తమ పొడవును కూడా పక్కనే రాసుకుని ఉంటాయి, చిరునామా పొడవు మారి ఆ అంకె మారకపోతే ఆ సెట్టింగు మొత్తం చదవడానికి వీలులేకుండా పోతుంది. సీఎల్ఐ ఆ లెక్కను తానే సరిచేస్తుంది.

సైట్‌మ్యాపులో, ఇదే అసలు చిరునామా అని చెప్పే కానానికల్ ట్యాగులలో కొత్త చిరునామాలే ఉన్నాయని చూసి, సెర్చ్ కన్సోల్‌లో తిరిగి సమర్పించాను.

మే, మూడో వారం

రోజూ సాయంత్రం 404 లాగ్ చదువుతున్నాను. కనబడినవాటిలో ఎక్కువ భాగం మా వ్యాసాలతో సంబంధం లేని, లొసుగుల కోసం వెతికే యంత్రాల అడుగులే. మిగిలినవి ఒక్కొక్కటీ విడిగా చూడవలసినవి. వాట్సాప్ సందేశంలో లింకు పక్కనే ఖాళీ లేకుండా కుండలీకరణమో, తెలుగు మాటో చేరిపోయి ఉంటే అది కూడా చిరునామాలో భాగమైపోతుంది. పేరు తరువాత వచ్చే విరామ చిహ్నాలను వదిలేసేలా ఒక నియమం చేర్చాను. ఒక పుస్తకం అధస్సూచికలో చిరునామా పంక్తి చివర విరిగి, అచ్చులో అదనంగా ఒక హైఫన్ చేరింది. అదే రూపంలో టైపు చేసి వస్తున్నవారు ఉన్నారు. అది మా చిరునామా కాదని వదిలేయవచ్చు, కానీ పుస్తకం చదివి, ఆధారం చూద్దామని అక్షరం అక్షరం టైపు చేసిన పాఠకుడికన్నా మాకు కావలసిన పాఠకుడు ఎవరు? ఆ వరుసను జాబితాలో చేర్చాను.

తొలగించిన వ్యాసాల విషయంలో మాలో ఒకరు అన్నిటినీ మొదటి పేజీకి పంపుదామన్నారు. నేను ఒప్పుకోలేదు. శాసనం కోసం వచ్చినవాడికి మొదటి పేజీ చూపిస్తే వాడు ఇంకా కాసేపు వెతికి విసుగెత్తుతాడు, గూగుల్ కూడా అటువంటి మళ్లింపును దొరకని పేజీగానే లెక్కిస్తుంది. వ్యాసాన్ని మరోదానిలో కలిపి ఉంటే ఆ వ్యాసానికి 301, పూర్తిగా తీసివేసి ఉంటే 410 (ఇక లేదు) కోడ్ ఇచ్చి, పేజీ తీసివేశామని తెలుగులో రెండు ముక్కలు రాశాను.

జూన్, మొదటి వారం

తెలుగు వికీపీడియాలోని మూలాలను చర్చా పేజీలో తెలిపి నెమ్మదిగా కొత్త చిరునామాలకు దిద్దుతున్నాం. మళ్లింపులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. అది సెర్చ్ ఇంజనుకు సరిపోయే గడువు, అచ్చయిన పుస్తకానికి కాదు. ఈ వరుసలు సైటు ఉన్నంత కాలం ఉంటాయని సంపాదకులతో కలిసి నిర్ణయించి, ఫైలు మొదట్లోనే తెలుగులో ఆ మాట రాశాం, రేపు నా చోటుకు వచ్చినవారు అనవసరమని తుడిచివేయకుండా.

గండికోట కరపత్రం రెండో ముద్రణకు కొత్త క్యూఆర్ కోడ్ తయారైంది. ఇందులో స్లగ్ బదులు వ్యాసం సంఖ్యతో ఉండే పొట్టి రూపాన్ని పెట్టాను. అమరిక ఏదైనా వర్డ్‌ప్రెస్ ఆ సంఖ్యను చూసి అప్పటి చిరునామాకు పంపుతుంది. ఏడు రోడ్ల కూడలి దగ్గరి ప్రెస్సులో నమూనా కాగితం మీద పాత కోడును, కొత్త కోడును పక్కపక్కన అచ్చు వేయించి, ఫోనుతో రెండిటినీ స్కాన్ చేశాం. రెండూ ఒకే వ్యాసాన్ని తెరిచాయి. ముద్రణకు అనుమతి ఇచ్చాను.